రొయ్యకు చేసే అమ్మోనియా టెస్టు మనిషికి లేదా?

గోదావరి జిల్లాల కలెక్టర్లకు, ఫ్యాక్టరీల తనిఖీ అధికారులకు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల యజమానులకు,

నమస్కారం.

నేను 29 ఏళ్ళు అమ్మోనియా ప్లాంట్ ఆపరేటర్‌గా పనిచేశాను. మొదట ఎనిమిదేళ్ళు ఐస్ ఫ్యాక్టరీలో, తర్వాత భీమవరం, నరసాపురం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో. ఐస్ కట్టడానికీ, రొయ్యల్ని గడ్డకట్టించడానికీ ఈ యంత్రాల్లో చల్లదనం పుట్టించే గ్యాసే అమ్మోనియా. రెండేళ్ళ కిందట పని మానేశాను. పోయిన పుష్యమాసంలో మా ప్రాంతంలోని ఒక ప్లాంటులో అమ్మోనియా గ్యాస్ లీకైంది. మా మేనకోడలు ఆ రాత్రి షిఫ్టులో అక్కడే పీలింగ్ (రొయ్య ఒలిచే పని) చేస్తోంది. ఆ సంగతి మీద సోమవారం గ్రీవెన్స్‌లో రెండుసార్లు అర్జీ పెట్టాను. రెండుసార్లూ రసీదు ఇచ్చారు. రెండుసార్లూ కొన్నాళ్ళకు ‘మీ అర్జీ పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ప్లాంటుకి ఎవరు వెళ్ళారో, ఏం చూశారో, ఏం పరిష్కరించారో ఒక్క ముక్క లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. ఆ ప్లాంటు పేరు రాయడం లేదు. రాస్తే గొడవంతా ఆ ఒక్క గేటు దగ్గరే ఆగిపోతుంది. నేను చెప్పబోయేవి ఎన్నో ప్లాంట్లలో నా కళ్ళతో చూసినవి.

ఆ రాత్రి ఏం జరిగిందో మా మేనకోడలు చెప్పినట్టే చెబుతాను. తెల్లవారుజామున మూడున్నరప్పుడు ప్లేట్ ఫ్రీజర్ (చల్లటి పలకల మధ్య రొయ్యను గడ్డకట్టించే యంత్రం) వైపు నుంచి టప్‌మని చప్పుడు వచ్చింది. వెంటనే తెల్లగా పొగ. బయట మంచు బాగా పడుతోంది కాబట్టి తలుపు తీస్తే మంచే లోపలికి వస్తోందనుకున్నారట. రెండు అంగల్లో కళ్ళు మూసుకుపోయాయి. అందరూ వెనక తలుపు దగ్గరికి పరిగెత్తారు. దానికి గొలుసు, తాళం. సరుకు బయటికి పోతోందని రాత్రిపూట ఆ తలుపుకి తాళం వేస్తారు, తాళంచెవి సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. మళ్ళీ వెనక్కి తిరిగి, ఆ పొగలోంచే ముందు తలుపుకి వచ్చారు. కింద తడి టైల్స్, కాళ్ళకు గమ్‌బూట్లు. ఇద్దరు పడిపోతే వాళ్ళ మీద నుంచే మిగతావాళ్ళు దాటారు. బయటికొచ్చి, అలవాటు ప్రకారం షిఫ్టు బస్సు ఆగే చోటికే పోయి నిలబడ్డారు. గాలి ఆ వైపే వీస్తోంది.

“మావయ్యా, కళ్ళల్లో కారం కొట్టినట్టయింది. ఊపిరి తీసుకుందామంటే లోపలికి పోలేదు” అంది.

ఆస్పత్రిలో డాక్టరు ఏం గ్యాస్ అని అడిగితే, వెంట వచ్చిన సూపర్‌వైజర్ ‘బ్లీచింగ్ వాసన సార్, నేల కడుగుతుంటే’ అన్నాడు. కళ్ళల్లో చుక్కలు వేసి, రెండు గంటలు పడుకోబెట్టి ఆరింటికల్లా ఇంటికి పంపేశారు. మధ్యాహ్నానికి గొంతులో గురగుర, పెదాలు నల్లబడ్డాయి. మళ్ళీ పట్టుకెళ్తే నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉంచారు. ఆ నాలుగు రోజులకీ కూలి లేదు. ఇప్పటికీ కాలువ గట్టు ఎక్కితే దగ్గు ఆగదు.

ఇక్కడ ప్రతి రొయ్యల రైతుకీ అమ్మోనియా అంటే ఏంటో తెలుసు. చెరువు నీళ్ళు చిన్న సీసాలో పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూస్తారు. రంగు మారిందంటే నీళ్ళలో అమ్మోనియా పెరిగినట్టే, ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతారు, అమ్మోనియాను పీల్చుకునే జియోలైట్ పొడి చల్లుతారు, మేత తగ్గిస్తారు. చెరువులో ఉన్న రొయ్యకు ఇంత చేస్తాం. అదే రొయ్య ప్లాంటుకి వచ్చాక యాంటీబయాటిక్స్ టెస్టు, బ్యాక్టీరియా టెస్టు, నీళ్ళ టెస్టు, ఐస్ టెస్టు. కొనేది అమెరికా, యూరప్ వాళ్ళు కాబట్టి ఒక్కటీ తప్పదు. ఆ రొయ్య ఒలిచే ఆడవాళ్ళు పీల్చే గాలిలో అమ్మోనియా ఎంత ఉందో చూసే మీటరు మాత్రం నేను పనిచేసిన నాలుగు ప్లాంట్లలో ఒక్కదాంట్లోనే ఉండేది. అది కూడా అరుస్తోందని వైరు పీకేశారు.

అమ్మోనియా మీద నాకు కోపం లేదు. దానితోనే పిల్లల్ని చదివించుకున్నాను. కరెంటు తక్కువ తింటుంది, చవక, ఓజోన్ పొరకు హాని లేదు. లీకైతే వాసనతో ముందే చెబుతుంది. మంచి గ్యాసే, మర్యాదగా చూసుకోవాలి. ప్లాంట్లు మూసెయ్యమని నేను అడగడం లేదు. పంట కాలవ కింద వరి పోయి చెరువులు వచ్చాక, ఈ పల్లెల్లో ఆడవాళ్ళకి ఏడాది పొడవునా కూలి దొరికేది ఈ ప్లాంట్లలోనే. ఆ కూలి భద్రంగా ఉండాలనే ఈ కింది సంగతులు మీ ముందు పెడుతున్నాను.

1. గేటు మీద బోర్డు పెట్టించండి. లోపల ఎన్ని టన్నుల అమ్మోనియా ఉందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. లోపల పనిచేసేవాళ్ళకే తెలియదు. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల్లో అమ్మోనియాకు పెట్టిన పరిమితి పదుల టన్నుల్లో ఉంది. మన ప్లాంట్లలో ఉండేది కొన్ని టన్నులు. అందుకే ‘పెద్ద ప్రమాదం’ జాబితాకి ఇవి కిందే ఉండిపోతాయి. ‘మాది ఫుడ్ ఫ్యాక్టరీ అండి, కెమికల్ ఫ్యాక్టరీ కాదు’ అనే మాట నేను పదిసార్లు విన్నాను. 1984 భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన ప్రక్రియ ఉన్న ఫ్యాక్టరీ ఆ సంగతి కార్మికులకూ, అధికారులకూ, స్థానిక సంస్థకూ, చుట్టుపక్కల జనానికీ చెప్పి తీరాలన్నారు. ఇప్పుడు ఆ చట్టం స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. చట్టం పేరు ఏదైనా, ప్లాంటు గోడకి ఆనుకుని ఉన్న కాలనీవాళ్ళకి తెలుసుకునే హక్కు ఉండాలి. ఎంత గ్యాస్ ఉంది, లీకైతే ఎటు పరిగెత్తాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నవి పెద్ద అక్షరాల్లో గేటు మీదా, పంచాయతీ ఆఫీసులోనూ రాయించండి. ఐస్ ఫ్యాక్టరీలను వదిలెయ్యకండి. ఊరి నడిబొడ్డున, బడి పక్కన ఉన్నవి అవే.

2. తలుపులకు తాళాలు తీయించండి. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే తలుపు పెట్టి, తెరిస్తే అలారం మోగేలా చేస్తే దొంగతనమూ ఆగుతుంది, మనుషులూ బతుకుతారు. ప్లాంటు మీద గాలిగొట్టం, అదే విమానాశ్రయాల్లో కనిపించే గుడ్డ గొట్టం, ఒకటి కట్టించండి. మన దగ్గర పగలు సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంది, రాత్రి దిశ మారుతుంది. పగటి షిఫ్టులో సురక్షితమైన చోటు రాత్రి షిఫ్టుకి కాకపోవచ్చు. అందుకని జనం చేరే చోటు ఒకటి కాదు, రెండు దిక్కుల్లో రెండు ఉండాలి.

ఇంకో సంగతి. అమ్మోనియా గాలికంటే తేలిక, పైకి పోతుందిలే అని చాలామంది ధైర్యం చెబుతారు. గ్యాస్‌గా కొద్దికొద్దిగా లీకైతే అది నిజమే. ద్రవంగా చిమ్మితే, గాలిలో తడితో కలిసి చల్లని తెల్లటి మబ్బులా నేలబారునే పాకుతుంది. మన డెల్టా గాలిలో తడికి ఎప్పుడు కొరత? మంచు కాలంలో ఆ మబ్బేదో, మంచేదో కంటికి తెలియదు.

3. ఆయిల్ డ్రెయిన్, అంటే సిస్టమ్ అడుగున చేరిన ఆయిల్ తీసెయ్యడం. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపికగా చదవండి. బయటివాళ్ళకి కనిపించని పని ఇది, ఆపరేటర్లు ఎక్కువగా కాలేది ఇక్కడే.

గ్యాస్‌ను ఒత్తి తోసే యంత్రం కంప్రెసర్. అందులోని ఆయిల్ కొద్దికొద్దిగా గ్యాస్‌తో పాటు సిస్టమ్‌లోకి పోతుంది. ద్రవ అమ్మోనియా కంటే ఆయిల్ బరువు కాబట్టి వెసల్స్ (అమ్మోనియా ఉండే ట్యాంకులు) అడుగున చేరుతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసెయ్యాలి, లేకపోతే చల్లదనం పడిపోతుంది. ఎలా తీస్తారంటే, ఆపరేటర్ వెసల్ కింద గొంతుక్కూర్చుని, బకెట్ పెట్టి, వాల్వు కొద్దిగా తిప్పుతాడు. ఆ చలికి ఆయిల్ పాకంలా గట్టిపడి ఉంటుంది, రాదు. రావట్లేదు కదా అని ఇంకో పావు చుట్టు. అప్పుడు నల్లగా దార మొదలవుతుంది. బకెట్ సగం నిండేసరికి దార పల్చబడి, నురగ కక్కుతుంది. ఆ నురగ చూసిన క్షణంలో వాల్వు కట్టెయ్యాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే ద్రవ అమ్మోనియా తన్నుకొస్తుంది. లీటరు ద్రవం దాదాపు 850 లీటర్ల గ్యాస్ అవుతుంది. వాల్వు మూయాలంటే ఆ తుంపరలోకే చెయ్యి పెట్టాలి. బయటికొచ్చిన అమ్మోనియా −33 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అంటే తగిలిన చోట చర్మం గడ్డకడుతుంది. పైగా క్షారం, తడి ఉన్న చోటల్లా కాలుస్తుంది. నా ఎడమ మణికట్టు మీద మచ్చ 2004 నాటిది. ఆ రోజు నాతో ఇంకొకరు ఉండి, నన్ను నీళ్ళ తొట్టిలో ముంచారు కాబట్టి చెయ్యి మిగిలింది.

దీనికి మందు ఉంది. స్ప్రింగు వాల్వు. చేత్తో పట్టుకున్నంతసేపే తెరిచి ఉంటుంది, వదిలేస్తే తనంతట తానే మూసుకుంటుంది. మొత్తం సిస్టమ్ ఖరీదు ముందు దాని ఖర్చు ఒక లెక్క కాదు. ప్రతి ఆయిల్ డ్రెయిన్ దగ్గరా అది ఉండి తీరాలి. ఆ పని ఇద్దరు ఉన్నప్పుడే, పగటిపూటే చెయ్యాలి. ముఖానికి షీల్డు, చేతులకు గ్లోవ్స్ లేకుండా చేయించిన యజమాని మీద కేసు పెట్టండి.

4. కరెంటు, ఆపరేటరు. కరెంటు పోయి వచ్చినప్పుడు ప్లాంటును తిరిగి నడిపించడం, మా మాటలో ‘ఎక్కించడం’, అన్నిటికంటే ప్రమాదమైన గంట. 2010 ఆగస్టు 23న అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, థియోడోర్ అనే చోట ఒక కోల్డ్ స్టోరేజీలో జరిగింది ఇదే. ముందు రోజు ఏడు గంటలు కరెంటు లేదు. తిరిగి ఎక్కించేటప్పుడు ఆపరేటర్ అలారాలు క్లియర్ చేశాడు. దాంతో డీఫ్రాస్ట్ (చల్లటి కాయిల్ గొట్టాల మీది మంచు కరిగించే పని) మధ్యలో తెగిపోయి, వేడి గ్యాసూ చల్లటి ద్రవమూ ఒకే కాయిల్‌లో కలిశాయి. పైపులో సుత్తితో కొట్టినట్టు దెబ్బ తగిలి, కప్పు మీది పెద్ద పైపే విరిగిపోయింది. 14 టన్నులకు పైగా అమ్మోనియా బయటికొచ్చింది. నదికి అవతల పడవల దగ్గర పనిచేస్తున్న 150 మందికి పైగా ఆ గ్యాస్ తగిలింది. వాళ్ళకి ఆ ప్లాంటుతో ఏ సంబంధమూ లేదు. వాళ్ళ ప్రభుత్వ సంస్థ ఒకటి ఈ ప్రమాదాన్ని విచారించి, కారణాలన్నీ అందరూ చదువుకునేలా రిపోర్టు బయటపెట్టింది. మా అర్జీకి వచ్చింది ఒక్క మెసేజ్.

మన దగ్గర గాలివాన వస్తే కరెంటు ఎన్ని గంటలు పోతుందో మీకు తెలుసు. ఆ సమయంలో కంప్రెసర్ రూమ్‌లో ఉండేది పన్నెండు గంటల డ్యూటీలో ఒంటరిగా ఉన్న కుర్రాడు. ఐటీఐ చదివి వచ్చినవాళ్ళు కొందరు. హెల్పర్‌గా చేరి, చూసి నేర్చుకున్నవాళ్ళే ఎక్కువ, నేనూ అలా వచ్చినవాడినే. చూసి నేర్చుకున్నది రోజూ జరిగే పనికి చాలుతుంది, ఏడాదికోసారి వచ్చే ఆపదకు చాలదు. ప్రతి షిఫ్టులో శిక్షణ పొందిన ఇద్దరు ఆపరేటర్లు ఉండాలి. ప్లాంటు ఎలా ఆపాలో, ఎలా ఎక్కించాలో, ఏ వాల్వు మొదట కట్టాలో తెలుగులో రాసి గోడకి అంటించాలి. రిసీవర్ (ద్రవ అమ్మోనియా నిలవ ఉండే ట్యాంకు) నుంచి బయటికెళ్ళే మెయిన్ లిక్విడ్ వాల్వుకి ఎర్ర రంగు వేసి, చీకట్లోనైనా దొరికేలా ఉంచాలి.

5. తుప్పు. మనది ఉప్పుగాలి. చల్లటి పైపుల మీద ఇన్సులేషన్ ఎక్కడ చిరిగిందో అక్కడ తడి లోపలికి పోయి, పైకి కనిపించకుండా పైపును తినేస్తుంది. పైకి తెల్లగా మంచు కట్టిన పైపు అందంగానే ఉంటుంది. ఒకసారి రిపేరుకని ఇన్సులేషన్ ఊడదీస్తే, స్క్రూడ్రైవర్ మొన ఇనుములోకి దిగింది. ప్లేట్ ఫ్రీజర్లలో పలకలు పైకీ కిందికీ కదులుతుంటాయి కాబట్టి వాటి హోస్‌లు వంగి వంగి పగులుతాయి. మా మేనకోడలు పనిచేసిన చోట తెగింది అలాంటి హోసేనని ఫిట్టర్ నాకు చెప్పాడు. హోస్ ఎప్పుడు వేశారో తేదీ రాసి, కాలం తీరగానే మార్చాలి. సేఫ్టీ వాల్వులు అయిదేళ్ళకోసారి మార్చాలన్నది ఈ వృత్తిలో అందరికీ తెలిసిన లెక్క. అవి తెరుచుకుంటే గ్యాస్ పోయే గొట్టం మనుషులు తిరిగే చోటికి కాకుండా కప్పుకంటే ఎత్తుకు పోవాలి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పటి నుంచి ‘ఈ ఏడాది మెయింటెనెన్స్ ఆపుదాం’ అనే మాట ఎక్కువ వినిపిస్తోంది. యజమానుల కష్టం నాకు తెలుసు. ఆ పొదుపు పైపు మీద చెయ్యకండి, దండం పెడతాను.

6. సెన్సార్లు, అలారం. గాలిలో అమ్మోనియాకు, ఎనిమిది గంటల పనికి 25 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో 25 పాళ్ళు), పావుగంటకైతే 35 పీపీఎం హద్దు. 300 దగ్గర ప్రాణానికే ప్రమాదం. ముక్కును నమ్ముకోవద్దు, రోజూ పీలిస్తే ముక్కు మొద్దుబారుతుంది. కంప్రెసర్ రూమ్‌లోనే కాదు, ఫ్రీజర్లున్న హాల్లో, పీలింగ్ షెడ్డులో సెన్సార్లు పెట్టించి, పనిచేస్తున్నాయో లేదో తనిఖీలో మీరే చూడండి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్ కంప్రెసర్ రూమ్ బయట ఉండాలి. లోపల ఉంటే గ్యాస్‌లోకి వెళ్ళి ఎవరు వేస్తారు?

7. గ్యాస్ పేరు దాచకండి. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. అమ్మోనియా ఎక్కువగా పీల్చినవాళ్ళు మొదట తేరుకున్నట్టే కనిపిస్తారు, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే ఒక రోజంతా కనిపెట్టి ఉండాలి. డాక్టరుకి అసలు పేరు చెప్పి ఉంటే మా మేనకోడలిని ఆరింటికి ఇంటికి పంపేవారు కాదు. లీకైన వెంటనే ఆస్పత్రికి గ్యాస్ పేరు రాసిన కాగితం ప్లాంటు నుంచే పోవాలి. దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో డాక్టర్లకూ, నర్సులకూ, 108 సిబ్బందికీ దీని మీద శిక్షణ ఇప్పించండి. ప్రతి హాల్లో కళ్ళు కడుక్కునే కుళాయి, షవరు ఉండాలి. కళ్ళు నలపకుండా కనీసం పావుగంట పారే నీటితో కడగాలి. గుడ్డ చర్మానికి గడ్డకట్టి అంటుకుంటే లాగకూడదు, నీళ్ళు పోస్తూ విడదియ్యాలి. ఇవి తెలిస్తే ఆ రాత్రి బస్సు దగ్గర నిలబడ్డవాళ్ళే ఒకరికొకరు సాయం చేసుకునేవారు.

ఊరివాళ్ళకి కూడా చెప్పండి. తడి గుడ్డ ముక్కూ నోరూ కప్పుకుని, గాలి వీచే దారికి అడ్డంగా పక్కకి పోవాలి. నేల మీద కారిన ద్రవ అమ్మోనియా మీద నీళ్ళు కొట్టకూడదు, ఇంకా ఎక్కువ గ్యాస్ లేస్తుంది. కడిగిన నీళ్ళు డ్రెయిన్‌లోకి వదిలితే, ఆ డ్రెయిన్ నీళ్ళు తోడుకునే రైతు చెరువులో రొయ్య తెల్లారేసరికి చావొచ్చు.

8. ఒడిశా, బెంగాల్, అస్సాం నుంచి వచ్చి ప్లాంటు ఆవరణలోని హాస్టల్లోనే పడుకునే పిల్లలకు తెలుగు బోర్డు అర్థం కాదు. వాళ్ళ భాషలో చెప్పించి, మూడు నెలలకోసారి రాత్రిపూట మాక్ డ్రిల్ పెట్టండి.

ఇవన్నీ భయపెట్టడానికి రాయడం లేదు. 2017 మార్చి 30న మొగల్తూరులో ఒక ఆక్వా ప్లాంటు ట్యాంకు దగ్గర విషవాయువు పీల్చి ఐదుగురు కుర్రాళ్ళు చనిపోయారు. 2020లో జూన్‌లో నంద్యాలలో అమ్మోనియా లీకై ఒకరి ప్రాణం పోయింది. అదే ఏడాది ఆగస్టులో చిత్తూరు జిల్లాలో ఒక డెయిరీలో లీకై పదిమందికి పైగా ఆడవాళ్ళు ఆస్పత్రి పాలయ్యారు. ప్రతిసారీ నాలుగు రోజులు అధికారులు తిరిగారు, పరిహారం ప్రకటించారు. మిగతా ప్లాంట్లలో ఏం మార్చారో మాకు కనిపించలేదు.

కలెక్టర్ గార్లకు నా విన్నపం: 30 రోజుల్లో మీ జిల్లాలో అమ్మోనియా వాడే ప్రతి ప్లాంటు, ఐస్ ఫ్యాక్టరీ, కోల్డ్ స్టోరేజీ జాబితా తీయించి, నిల్వ ఎంతో రాసి బయటపెట్టండి. తనిఖీకి వెళ్ళేటప్పుడు ముందుగా ఫోన్ చెయ్యకండి, రాత్రి షిఫ్టులో వెళ్ళండి, వెనక తలుపు మీరే తోసి చూడండి. మా రెండు అర్జీల మీద ఏం విచారణ జరిగిందో రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ రాత్రి పనిలో ఉన్న ప్రతి మనిషికీ, కాంట్రాక్టర్ పుస్తకంలో పేరున్నా లేకపోయినా, ఊపిరితిత్తుల పరీక్ష ప్లాంటు ఖర్చుతో చేయించండి.

యజమానులకు: మీలో చాలామంది నాకు అన్నం పెట్టినవాళ్ళు. ఏ ప్లాంటువాళ్ళు పిలిచినా వస్తాను, డబ్బు వద్దు. మీ కంప్రెసర్ రూమ్‌లో మీ ఆపరేటర్‌తో ఒక రాత్రి కూర్చుని, ఏ వాల్వు ఎక్కడుందో, ఏది మార్చాలో కాగితం మీద రాసి ఇస్తాను. మా మేనకోడలు వచ్చే నెల మళ్ళీ పనిలోకి వెళ్తానంటోంది, ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు. ఆమె వెళ్ళేలోగా ఆ తలుపు గొలుసు తీయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అమ్మోనియా ప్లాంట్ ఆపరేటర్,
నరసాపురం ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా